తెలుగు సంఘానికి సొంత వికీ: డోకువికీని హోస్టింగ్‌లోకి ఎక్కించడం ఎలా?

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం వైపు తెలుగువాళ్ల సంఘాల్లో సమాచారానికి లోటేమీ ఉండదు. లేనిదల్లా అది దొరికే చోటు. పాత ఫోటోలు ఒకరి ఫోన్‌లో ఉంటాయి. పెళ్లిపాటలు రాసుకున్న నోట్సు ఇంకొకరి బీరువాలో ఉంటుంది. ఏ దరఖాస్తుకు ఏ కాగితాలు కావాలో వాట్సాప్ గ్రూపులో ఎవరో ఎప్పుడో పెట్టే ఉంటారు, అవసరమైన రోజున మాత్రం ఎంత పైకి జరిపినా కనిపించదు. వెబ్‌సైట్ చేయిద్దామని చందాలు వేసుకుంటే, చేసిచ్చిన కుర్రాడు ఉద్యోగానికి బెంగళూరు వెళ్లిపోతాడు. పాస్‌వర్డు అతనితోనే పోతుంది, రెండేళ్లకు సైటు మూతపడుతుంది.

అందుకే మీకు డోకువికీ చెబుతాను. జర్మనీకి చెందిన ఆండ్రియాస్ గోర్ 2004లో మొదలుపెట్టిన ఓపెన్ సోర్స్ వికీ ఇది, అంటే అందరూ కలిసి రాసి దిద్దుకునే సైటును నడిపే సాఫ్ట్‌వేర్. పీహెచ్‌పీ అనే ప్రోగ్రామింగ్ భాషతో నడుస్తుంది, జీపీఎల్ లైసెన్సు, డబ్బు కట్టాల్సింది లేదు. చూడ్డానికి పాతకాలం సాఫ్ట్‌వేర్‌లా ఉంటుంది, ఒప్పుకుంటాను. కానీ దీనికి డేటాబేస్ అక్కర్లేదు. మీరు రాసే ప్రతి పేజీ ఒక మామూలు టెక్స్ట్ ఫైలుగా ఫోల్డర్‌లో కూర్చుంటుంది. రేపు సాఫ్ట్‌వేర్ పాడైపోయినా, దాన్ని పెట్టినవాళ్లు ఊళ్లో లేకపోయినా, ఆ ఫోల్డర్ కాపీ చేతిలో ఉంటే చాలు, నోట్‌ప్యాడ్‌లో తెరిచి చదువుకోవచ్చు. వర్డ్‌ప్రెస్‌తోనో మీడియావికీతోనో ఆ వీలు ఉండదు.

ఫైళ్ల పేర్లు, సెట్టింగుల పేర్లు ఇక్కడ తెలుగు లిపిలో రాస్తున్నాను. స్క్రీన్ మీద అవి ఇంగ్లీషు అక్షరాల్లో కనిపిస్తాయి.

ఎక్కడ పెట్టాలి

రెండు దారులున్నాయి. ఊరి బయటివాళ్లు కూడా చూడాలంటే షేర్డ్ హోస్టింగ్ కొనాలి, అంటే నలుగురితో పాటు ఒకే సర్వర్‌లో చోటు అద్దెకు తీసుకోవాలి. గ్రంథాలయానికి వచ్చేవాళ్లు చూస్తే చాలనుకుంటే పాత ల్యాప్‌టాప్‌లో పెట్టి వైఫై ద్వారా అందించవచ్చు. అదే ల్యాప్‌టాప్‌ను ఇంటి నెట్ మీదుగా ప్రపంచమంతటికీ చూపిద్దామనే ఆలోచన చాలామందికి వస్తుంది. మానేయండి. ఇంటి కనెక్షన్లకు చాలావరకు సొంత పబ్లిక్ ఐపీ ఉండదు, ఒకే ఐపీ వెనక బోలెడన్ని ఇళ్లు ఉంటాయి, బయటినుంచి లోపలికి రావడానికి దారి దొరకదు. కరెంటు పోతే ఆ టెన్షన్ వేరే.

నా సలహా షేర్డ్ హోస్టింగే. దాని కాపీ ఒకటి ల్యాప్‌టాప్‌లో ఉంచుకోండి, ఆ సంగతి తర్వాత చెబుతాను. హోస్టింగ్ కొనేటప్పుడు మొదటి ఏడాది ఆఫర్ ధర చూసి మురిసిపోకండి, రెండో ఏడాది రెన్యువల్‌కు ఎంతో చూడండి. పీహెచ్‌పీ 8 ఉండాలి, సీప్యానెల్ లాంటి కంట్రోల్ ప్యానెల్ ఉండాలి, ఎస్ఎస్ఎల్ (సమాచారాన్ని గుట్టుగా పంపే ఏర్పాటు) ఉచితంగా రావాలి. సర్వర్ ప్రోగ్రాము అపాచీ గానీ లైట్‌స్పీడ్ గానీ అయితే మంచిది, ఎందుకో కింద తెలుస్తుంది. చిన్న ప్లాన్ చాలు. చోటు తినేది పేజీలు కాదు, ఫోటోలు.

డొమైన్ పేరు (సైటు చిరునామా), హోస్టింగ్ రెండూ సంఘం పేరున తీసిన ఈమెయిల్‌తో కొనండి. ఇందులో మొహమాటం వద్దు. కార్యదర్శి సొంత జీమెయిల్‌తో కొంటే ఆయన పదవి దిగిన రోజున చిక్కే.

ఎక్కించడం

డోకువికీ అధికారిక సైటులో డౌన్‌లోడ్ పేజీ తెరిచి స్టేబుల్ వెర్షన్ ఎంచుకోండి. భాషలు, ప్లగిన్‌లు కావాలా అని అక్కడే అడుగుతుంది. ‘అప్‌గ్రేడ్’ ప్లగిన్ ఒక్కటి టిక్ పెట్టండి, మిగతావి ఇప్పుడే వద్దు. వచ్చే ఫైలు కొన్ని ఎంబీలే ఉంటుంది, మొబైల్ డేటాతోనైనా దిగిపోతుంది.

సీప్యానెల్‌లో ఫైల్ మేనేజర్ తెరిచి, ‘పబ్లిక్ హెచ్‌టీఎంఎల్’ అనే ఫోల్డర్‌లోకి ఆ ఫైలును అప్‌లోడ్ చేసి, అక్కడే ఎక్స్‌ట్రాక్ట్ నొక్కండి. విప్పి ఒక్కో ఫైలూ ఎక్కించాలని చూస్తే మన నెట్‌తో తెల్లారుతుంది. ఎక్స్‌ట్రాక్ట్ అయ్యాక వచ్చిన ఫోల్డర్‌కు ‘వికీ’ అని చిన్న పేరు పెట్టండి. ప్యానెల్‌లో ఎస్ఎస్ఎల్ వచ్చిందో లేదో చూసుకుని, చిరునామా ముందు తాళం గుర్తు కనిపించాకే ముందుకు వెళ్లండి, లేకపోతే మీరు పెట్టే మొదటి పాస్‌వర్డే గుట్టు లేకుండా ప్రయాణిస్తుంది.

ఇప్పుడు బ్రౌజర్‌లో మీ డొమైన్, ఏటవాలు గీత (/), వికీ, మళ్లీ అదే గీత, ‘ఇన్‌స్టాల్.పీహెచ్‌పీ’ అని కొట్టండి. ఒకే ఒక్క ఫారం వస్తుంది. వికీ పేరు తెలుగులోనే ఇవ్వొచ్చు. సూపర్‌యూజర్ లాగిన్ పేరు మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లో ఉంచండి, ‘అడ్మిన్’ అనే పేరు పెట్టకండి. దొంగతనంగా లోపలికి రావాలని చూసేవాళ్లు మొదట కొట్టి చూసే పేరు అదే.

ఏసీఎల్ (ఎవరికి ఏ హక్కుందో చెప్పే జాబితా) అనే టిక్‌ను అలాగే ఉంచండి. దాని కింద మూడు రకాలు కనిపిస్తాయి: ఓపెన్ అంటే ఎవరైనా రాయొచ్చు, పబ్లిక్ అంటే అందరూ చదవొచ్చు కానీ ఖాతా ఉన్నవాళ్లే రాయాలి, క్లోజ్డ్ అంటే చదవడానికి కూడా ఖాతా కావాలి. పబ్లిక్ ఎంచుకోండి. ఎవరికి వారు ఖాతా తెరుచుకునే వీలు ఇచ్చే టిక్ తీసేయండి. అది ఉంచారంటే ప్రకటనలు కుమ్మరించే దొంగ ఖాతాలు దిగుతాయి, మీరు రాసిన దానికంటే వాళ్లు రాసింది ఎక్కువవుతుంది.

లైసెన్సు ఏదని కూడా అడుగుతుంది. క్రియేటివ్ కామన్స్ బీవై-ఎస్ఏ పెట్టుకుంటే వికీపీడియా వాడే రకమే కాబట్టి, రేపు మీ పేజీలోని విషయం తెలుగు వికీపీడియాకు ఇవ్వాలన్నా అడ్డుండదు. అయితే పాటలు పాడి ఇచ్చిన పెద్దవాళ్లకు, ఫోటోలు ఇచ్చిన కుటుంబాలకు ఈ సంగతి ముందే చెప్పి ఒప్పించుకోండి.

సేవ్ నొక్కాక ‘ఇన్‌స్టాల్.పీహెచ్‌పీ’ ఫైలును ఫైల్ మేనేజర్‌లోకి వెళ్లి తీసేయండి.

తలుపు మూసిందా?

అంతా టెక్స్ట్ ఫైళ్లే కావడంలో సుఖం ఎంతో, ప్రమాదమూ అంతే. ‘డేటా’ అనే ఫోల్డర్ బయటివాళ్లకు నేరుగా తెరుచుకుంటే మీ పేజీలన్నీ, దాచిపెట్టినవి కూడా, పాస్‌వర్డ్ లేకుండా చదివేయొచ్చు. దాన్ని ఆపడానికి ఆ ఫోల్డర్‌లో ‘డాట్ హెచ్‌టీయాక్సెస్’ అనే చిన్న ఫైలు ఉంటుంది. అపాచీ, లైట్‌స్పీడ్ ఆ ఫైలు మాట వింటాయి, ఎన్‌జిన్‌ఎక్స్ అనే మరో సర్వర్ ప్రోగ్రాము వినదు.

పరీక్ష ఇలా చేయండి. లాగౌట్ అయ్యి, బ్రౌజర్‌లో మీ వికీ చిరునామా తర్వాత డేటా, పేజెస్, వికీ అనే మూడు ఫోల్డర్ల పేర్లు గీతలతో వరసగా రాసి, చివర ‘డోకువికీ.టీఎక్స్‌టీ’ అని కొట్టండి. 403 (అనుమతి లేదు) అని తిప్పి పంపితే సరే. ఇంగ్లీషులో ఏదో టెక్స్ట్ కనిపించిందా, అక్కడే ఆగండి. హోస్టింగ్ వాళ్లకు ఫోన్ చేసి హెచ్‌టీయాక్సెస్ పనిచేసేలా చేయించుకున్నాకే ముందుకు వెళ్లండి. ఒక్క పేజీ కూడా అంతకుముందు రాయవద్దు.

మొదటి పేజీకి ముందే మార్చాల్సినవి

ఇన్‌స్టాల్ చేయడం గురించి చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. తెలుగులో రాసేవాళ్లకు వచ్చే ఇబ్బందులు మాత్రం ఇక్కడ మొదలవుతాయి. అడ్మిన్‌లోకి వెళ్లి కాన్ఫిగరేషన్ పేజీ తెరవండి.

మొదటిది ‘ఎఫ్ఎన్ఎన్‌కోడ్’. పేజీ పేరును ఫైలు పేరుగా ఎలా రాయాలో చెప్పే సెట్టింగు ఇది. మామూలుగా ‘యూఆర్ఎల్’ అని ఉంటుంది. అంటే ప్రతి తెలుగు గుర్తూ శాతం గుర్తులతో కలిపి 9 అక్షరాలుగా మారుతుంది. గుర్తు అంటే అక్షరం కాదు. గుణింతం, పొల్లు, సున్న అన్నీ విడివిడిగా లెక్కే. లైనక్స్ సర్వర్లలో ఒక ఫైలు పేరు 255 బైట్లు దాటకూడదు.

ఒక ఉదాహరణ చూద్దాం. నౌపడా నుంచి పర్లాకిమిడికి 1900లో చిన్న రైలు వచ్చింది, తర్వాత 1931లో గుణుపురం దాకా సాగింది. దాని గురించి ‘పర్లాకిమిడి లైట్ రైల్వే చరిత్ర’ అని పేజీ పెట్టారనుకోండి. అందులో 27 తెలుగు గుర్తులు, 3 ఖాళీలు ఉన్నాయి. 27ను 9తో గుణిస్తే 243, ఖాళీలతో 246, చివరి టీఎక్స్‌టీతో 250. పేజీ పడుతుంది. కానీ డోకువికీ ప్రతి మార్పుకూ పాత ప్రతిని ‘యాటిక్’ అనే ఫోల్డర్‌లో దాస్తుంది, ఆ ఫైలు పేరులో 246కు తేదీ అంకెలు, టీఎక్స్‌టీ అన్నీ కలిపి 18 తోడవుతాయి. మొత్తం 264. అది పట్టదు. పేజీ కనిపిస్తూనే ఉంటుంది, పాత ప్రతి మాత్రం దొరకదు. ఎవరైనా పొరపాటున పేజీ అంతా చెరిపేసిన రోజున గానీ ఈ సంగతి బయటపడదు.

ఆ సెట్టింగును ‘యూటీఎఫ్-8’కి మార్చండి. అప్పుడు గుర్తుకు 3 బైట్లే, పై పేరు 84తో సరిపోతుంది. ఇంకో లాభం, ఫోల్డర్ తెరిస్తే ఫైళ్ల పేర్లు తెలుగులోనే కనిపిస్తాయి. కొన్ని పేజీలు రాసేశాక మార్చితే పాత ఫైళ్ల పేర్లు వాటంతట అవి మారవు, ఉన్న పేజీలే లేనట్టు కనిపిస్తాయి. ఇప్పుడే మార్చాలనడం అందుకే.

రెండోది ‘యూజ్‌హెడింగ్’. దీన్ని ఎల్లప్పుడూ అని పెట్టండి. పేజీ అసలు పేరు చిన్నగా ‘లైట్ రైల్వే’ అని ఉంచి, లోపల మొదటి శీర్షిక ఎంత పొడవు రాసినా లింకుల్లో ఆ శీర్షికే కనిపిస్తుంది.

మూడోది వెతుకులాట. గుణుపురం అని వెతికితే ‘గుణుపురంలో’, ‘గుణుపురానికి’ అన్న మాటలున్న పేజీలు రావు, డోకువికీ మామూలుగా మాట మొత్తం కలిస్తేనే చూపిస్తుంది. విభక్తులు మాటకు అతుక్కునే మన భాషకు ఇది పనికిరాదు. ‘సెర్చ్ ఫ్రాగ్మెంట్’ అనే చోట, మాట మొదలు కలిస్తే చాలు అనే ఎంపిక పెట్టండి. సభ్యులకు కూడా చెప్పండి, ‘గుణుపుర’ దాకా కొట్టి ఆపేస్తే అన్నీ వస్తాయి.

అక్షరాల సంగతి కూడా ఇక్కడే తేల్చేయండి. ‘కాన్ఫ్’ ఫోల్డర్‌లో ‘యూజర్‌స్టైల్.సీఎస్ఎస్’ అనే ఫైలు తయారుచేసి, బాడీకి లైన్-హైట్ 1.8 అని రాయండి. ఇంగ్లీషుకు సరిపోయే వరసల ఎడం మన ఒత్తులకు చాలదు, కింది వరస గుడిదీర్ఘాలు పై వరస ఒత్తులకు తగులుతాయి.

ఒడియా కూడా అదే పేజీలో రాసుకోవచ్చు. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా చదివే పిల్లలున్న చోట అది అవసరం కూడా. గుణుపురం చుట్టుపక్కల సవర గిరిజనుల కోసం మంగే గొమాంగో 1936లో రూపొందించిన సొరంగ్ సొంపెంగ్ లిపి 2012 నుంచి యూనికోడ్‌లో ఉంది. దాని ఒక్కో అక్షరానికి 4 బైట్లు కావాలి. మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్ పాత యూటీఎఫ్8 పద్ధతిలో 3 బైట్లకు మించి పట్టదు, అలాంటి డేటాబేస్ మీద నడిచే సైట్లలో ఆ లిపి నిలవదు. ఇక్కడ అంతా టెక్స్ట్ ఫైలే కాబట్టి ఆ గొడవ లేదు. గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో పాఠాలు చెబుతూనే సవర భాష నేర్చుకుని దానికి నిఘంటువు కూర్చారు. ఆ ఊరి తెలుగు వికీలో నాలుగు సవర మాటలైనా లేకపోతే బాగుండదు.

రాయడం, ఫోటోలు, గొంతులు

కొత్త పేజీకి ప్రత్యేకంగా బటనేమీ ఉండదు. ఉన్న పేజీలో [[ఊళ్లు:గుణుపురం]] అని రాసి సేవ్ చేస్తే లింకు వస్తుంది, దాన్ని నొక్కితే కొత్త పేజీ తెరుచుకుంటుంది. మధ్యలోని కోలన్ వల్ల ‘ఊళ్లు’ అనే విభాగం తనంతట తానే ఏర్పడుతుంది. శీర్షికకు రెండు వైపులా సమానం గుర్తులు ఆరేసి, ముద్దక్షరాలకు రెండేసి నక్షత్రాలు. మొదటి నెల ఇంతకంటే ఎక్కువ ఎవరికీ నేర్పవద్దు.

ఒకరు ఎడిట్ చేస్తుండగా ఆ పేజీ ఇంకొకరికి 15 నిమిషాలు లాక్ అయి ఉంటుంది, కంగారుపడక్కర్లేదు. రాస్తుండగా కరెంటు పోతే డ్రాఫ్టు సర్వర్‌లో నిలిచి ఉంటుంది, మళ్లీ వచ్చి ఎడిట్ నొక్కగానే అడుగుతుంది.

ఫోటోల దగ్గర మాత్రం మొదటి రోజే ఫిర్యాదు వస్తుంది. పీహెచ్‌పీలో అప్‌లోడ్ పరిమితి మామూలుగా 2 ఎంబీ. ఇప్పటి ఫోన్లతో తీసిన ఫోటో చాలాసార్లు అంతకంటే పెద్దదే. సీప్యానెల్‌లో పీహెచ్‌పీ సెట్టింగుల్లోకి వెళ్లి అప్‌లోడ్ మ్యాక్స్ ఫైల్‌సైజ్, పోస్ట్ మ్యాక్స్ సైజ్ రెండూ పెంచండి. మొదటిది ఒక్కటే పెంచితే రెండోది దగ్గర ఆగిపోతుంది, అది మామూలుగా 8 ఎంబీ. పేజీలో ఫోటో పేరు తర్వాత ప్రశ్న గుర్తు పెట్టి 400 అని రాస్తే ఆ వెడల్పుకు తగ్గించి చూపిస్తుంది.

తెలుగు మాట్లాడతారు కానీ చదవలేరు, అలాంటి పిల్లలు ఈ ఊళ్లలో చాలామంది. వాళ్లకోసం పాటలు, కథలు పెద్దవాళ్ల గొంతుతో రికార్డు చేసి ఎంపీ3గా మార్చి ఎక్కించండి. ఫోటో పెట్టే పద్ధతిలోనే పెడితే పేజీలోనే ప్లే బటన్ వస్తుంది. నిజానికి ఈ వికీలో ఎక్కువగా వాడుకలోకి వచ్చేది ఇదేనని నా నమ్మకం.

సభ్యులకు ఖాతాలు మీరే యూజర్ మేనేజర్‌లో తెరవండి, పాస్‌వర్డు కూడా మీరే పెట్టి మనిషికి నేరుగా చెప్పండి. ఫోన్ నంబర్లు, జమాఖర్చుల్లాంటివి ‘సంఘం’ అనే విభాగంలో ఉంచి, ఏసీఎల్ పేజీలో ఆ విభాగానికి ‘ఆల్’ అనే గుంపుకు ఏ హక్కూ లేదని, ‘యూజర్’ గుంపుకు చదివే, రాసే హక్కులని రెండు వరసలూ రాయండి. మొదటిది మాత్రమే రాసి ఆపితే సభ్యులు కూడా బయటే నిలబడతారు.

ల్యాప్‌టాప్ కాపీ

నెలకోసారి ఫైల్ మేనేజర్‌లో వికీ ఫోల్డర్ మొత్తాన్ని కంప్రెస్ చేసి దింపుకోండి. జిప్ కాకుండా టార్ జీజిప్ ఎంచుకోండి, కొన్ని పాత జిప్ ప్రోగ్రాములు తెలుగు పేర్లను చెరిపేసి పెట్టెలుగా మారుస్తాయి.

గ్రంథాలయంలోని పాత ల్యాప్‌టాప్‌లో ఉబుంటు (ఉచిత లైనక్స్ వ్యవస్థ) వేసి, అపాచీ, పీహెచ్‌పీ, దానికి తోడుగా పీహెచ్‌పీ ఎక్స్ఎంఎల్, పీహెచ్‌పీ జీడీ ప్యాకేజీలు ఇన్‌స్టాల్ చేయండి. దింపుకున్న ఫోల్డర్‌ను ‘వార్’ లోని ‘డబ్ల్యుడబ్ల్యుడబ్ల్యు’, అందులోని ‘హెచ్‌టీఎంఎల్’ ఫోల్డర్‌లో విప్పి, యజమానిగా ‘డబ్ల్యుడబ్ల్యుడబ్ల్యు-డేటా’ను పెట్టండి. ఉబుంటులో అపాచీ మామూలుగా హెచ్‌టీయాక్సెస్‌ను పట్టించుకోదు, అపాచీ సెట్టింగుల్లో అలౌ ఓవర్‌రైడ్‌ను ‘ఆల్’ చేయాలి. తర్వాత పైన చెప్పిన 403 పరీక్ష ఇక్కడా చేయండి. రౌటర్‌లో ఆ ల్యాప్‌టాప్‌కు ఒకే ఐపీ ఉండేలా రిజర్వు చేసి, ఆ చిరునామాను అట్టముక్క మీద రాసి గోడకు అంటించండి. మూత వేసినా నిద్రపోకుండా పవర్ సెట్టింగు మార్చండి. ల్యాప్‌టాప్‌కు బ్యాటరీ ఉంది కాబట్టి కరెంటు పోయినా నిలుస్తుంది, రౌటర్ నిలవదు. రౌటర్ల కోసం అమ్మే చిన్న యూపీఎస్ ఒకటి కొనండి.

రాసేది మాత్రం ఒక్క చోటే, హోస్టింగ్‌లోనే. ల్యాప్‌టాప్‌లో రాసినవి, హోస్టింగ్‌లో రాసినవి ఒకదాంట్లో ఒకటి కలవవు. వచ్చే నెల కాపీ తెచ్చి పెట్టగానే ఇక్కడ రాసినవన్నీ పోతాయి. ల్యాప్‌టాప్ కాపీకి ‘చదవడానికి మాత్రమే’ అని వికీ పేరులోనే చేర్చండి.

కాపీ విప్పాక పొడవాటి పేరున్న పేజీ ఒకటి, ఫోటో ఒకటి, పాట ఒకటి, ఏదైనా పేజీ పాత ప్రతి ఒకటి తెరిచి చూడండి. ఈ నాలుగూ వస్తే బ్యాకప్ మంచిదే.

కొత్త వెర్షన్ వస్తే అడ్మిన్‌గా లాగిన్ అయినప్పుడు పైన సందేశం కనిపిస్తుంది. ఆ రోజు ముందు బ్యాకప్ తీసి, అప్‌గ్రేడ్ ప్లగిన్ నొక్కండి. ఇంకా ప్లగిన్‌లు కావాలని ఎవరైనా అడిగితే ఒడియా, తెలుగు పేజీలను జతచేసే ‘ట్రాన్స్‌లేషన్’ ప్లగిన్ వరకు పర్వాలేదు. రంగులు, స్లైడ్‌షోలు అడిగేవాళ్లకు కాస్త ఆగమని చెప్పండి, ఎక్కువ ప్లగిన్‌లున్న వికీలే అప్‌గ్రేడ్ రోజున మొరాయిస్తాయి.

డొమైన్ ఎక్కడ కొన్నారు, హోస్టింగ్ ఎక్కడ, రెన్యువల్ ఏ నెలలో, సంఘం ఈమెయిల్ పాస్‌వర్డు ఏమిటి, ఈ వివరాలు కాగితం మీద రాసి రెండు కవర్లలో పెట్టి అంటించండి. ఒకటి అధ్యక్షుల దగ్గర, ఒకటి కోశాధికారి దగ్గర ఉంచి, పాస్‌వర్డు మార్చినప్పుడల్లా కవర్లు మార్చండి.